వోల్టేజీ అర్జీ

మా పెదనాన్న అర్జీ రాస్తే చదివిన అధికారి ఒక్క క్షణమైనా ఫైలు పక్కన పెట్టి ఆలోచించాల్సిందే. పంచాయతీరాజ్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో ఎవరికి పింఛను ఆగినా, పాసుపుస్తకంలో పేరు తప్పు పడినా తెల్లకాగితం పట్టుకుని ఆయన అరుగు మీదికే వస్తారు. అయితే ఆయన ప్రాణం పెట్టి, ఏళ్ళ తరబడి చెక్కుతూ వచ్చిన అర్జీ ఒక్కటే. అది మా వీధి వోల్టేజీ గురించి.

"ఎగువన నాగార్జునసాగర్‌లో 800 మెగావాట్లు దాటిన జలవిద్యుత్ కేంద్రము, దిగువన పులిచింతలలో 120 మెగావాట్ల కేంద్రము. రెంటి నడుమ కృష్ణ చెంతనే ఉన్న దాచేపల్లిలో, అయ్యా, మా వీధి ఫ్యాన్లు రెక్కలు లెక్కపెట్టుకొనుటకు వీలుగా తిరుగుచున్నవి." ఇదీ ఆ అర్జీ ఎత్తుగడ. మొదట్లో ఇది పట్టుకుని గుంటూరు కలెక్టరాఫీసుకు వెళ్ళేవాడు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక నరసరావుపేట వెళ్ళడం మొదలుపెట్టాడు. ప్రభుత్వం మారినప్పుడల్లా సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి పేరు మారేది. అర్జీ మాత్రం అదే. కింద సంతకాలూ అవే. వీధిలో ప్రతి గడపా సంతకం పెట్టింది. మొదటి సంతకం ఎప్పుడూ పెదనాన్నదే.

కరెంటు ఫిర్యాదులకు 1912కి ఫోన్ చెయ్యమని బిల్లు మీద ఉంటుంది. ఆయనకు ఆ నంబరంటే ఒళ్ళు మంట. "టైటానిక్ మునిగిన సంవత్సరంరా అది. ఏరి కోరి పెట్టినట్టున్నారు" అనేవాడు.

కరెంటు తర్వాత ఆయనకున్న రెండో పట్టు వాస్తు. ఆయన ఇల్లు చూసి ప్లాను గీయించుకోవడానికి మాచర్ల నుంచి కూడా వచ్చినవాళ్ళున్నారు. తూర్పు ముఖం, ఈశాన్యంలో నీళ్ళ తొట్టి, ఆగ్నేయంలో వంటిల్లు. ఆ ఈశాన్యం మూల చెప్పులు విడిచినా ఊరుకోడు.

మొన్న మే నెలలో డాలస్ నుంచి మా వదిన పసివాణ్ణి తీసుకుని వచ్చింది. అన్నయ్యకు సెలవు దొరకలేదు. మే నెలలో పల్నాడు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్ళుండరు. అది మా పక్క మండలాల్లోదే. సున్నపురాయి నేల, దానికి తోడు సిమెంటు లారీల దుమ్ము. రాత్రి పదకొండైనా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. మా వీధిలో ఏసీ లేని ఇల్లు వెతుక్కోవాలి ఇప్పుడు. మిరప ధర బాగా పలికిన ఏడాది ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

పిల్లవాడి పాలకోసం అర్ధరాత్రి వంటింట్లో స్టవ్ దగ్గర చెమటలు కక్కుతూ నిలబడాల్సిన పని లేకుండా మైక్రోవేవ్ ఓవెన్ ఒకటి కొనమని అన్నయ్య డబ్బు పంపాడు. పిడుగురాళ్ళ వెళ్ళి నేనే తెచ్చాను. పెదనాన్న దాన్ని చుట్టూ తిరిగి చూసి, నిప్పుకు సంబంధించింది కాబట్టి వంటింట్లోనూ ఆగ్నేయం మూలే ఉండాలని తేల్చాడు. ఆ మూల ప్లగ్గు లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వేసి పెట్టాం.

మొదటి రోజు రాత్రి ఏడున్నరకు గిన్నెలో పాలు పెట్టి రెండు నిమిషాలు నొక్కింది వదిన. లోపల బల్బు వెలిగింది. పళ్ళెం తిరిగింది. అంకెలు ఒక్కొక్కటే తగ్గాయి. చివర్లో మూడుసార్లు కూత కూడా కూసింది. తీసి చూస్తే పాలు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఇంకో రెండు నిమిషాలు, ఆపైన మరో మూడు. గిన్నె గోరువెచ్చన కూడా కాలేదు.

"కాగలా" అన్నాడు పెదనాన్న, కేసు తేలిపోయినట్టు. "దొంగ సరుకు అంటగట్టాడు."

నేను ముందు ఆ ఎక్స్‌టెన్షన్ తీగను అనుమానించాను. సన్నటి వైరు, పన్నెండు వందల వాట్ల వస్తువు. ఆగ్నేయాన్ని కాసేపు మరిచిపోమని బతిమాలి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టినా ఫలితం లేదు. మర్నాడు కారులో వేసుకుని పిడుగురాళ్ళ షాపుకు తీసుకెళితే, అక్కడ కప్పు నీళ్ళు రెండు నిమిషాల్లో మరిగి పొంగాయి. షాపతను నావంక జాలిగా చూశాడు. ఇంటికి తెచ్చి సాయంత్రం పెడితే మళ్ళీ అదే కథ. పక్కింటి కుర్రాడు స్క్రూడ్రైవరు పట్టుకుని మూత విప్పబోతుంటే చెయ్యి పట్టుకుని లాగేశాను. ఓవెన్ ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్‌లో మనిషిని చంపేంత ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఇది మాత్రం ఎవరైనా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

"అసలీ వస్తువు కనిపెట్టినవాడు ఎవడ్రా?" అన్నాడు పెదనాన్న విసుగ్గా. కాలేజీలో ఫిజిక్సు చెబుతానని నాకీ పరీక్ష.

పెర్సీ స్పెన్సర్ అని చెప్పాను. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 1894లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే బంధువులు పెంచారు. బడి చదువు పూర్తికాకుండానే మిల్లు పనికి వెళ్ళాడు. పదహారేళ్ళప్పుడు దగ్గర్లోని కాగితం మిల్లుకు కరెంటు వేయిస్తున్నారని విని, కరెంటంటే ఏమిటో తెలియకుండానే ఆ పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పని చేస్తూనే నేర్చుకున్నాడు. తర్వాత టైటానిక్ మునిగినప్పుడు వైర్‌లెస్ ఆపరేటర్లు చేసిన పని గురించి చదివి, రేడియో నేర్చుకోవాలని నేవీలో చేరాడు.

"1912లోనా?" అన్నాడు పెదనాన్న చప్పున.

అవునన్నాను. ఆ నంబరు మీద కోపం కాస్త తగ్గినట్టే కనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి స్పెన్సర్ రేథియాన్ కంపెనీలో ఉన్నాడు. రాడార్‌కు గుండెకాయ మాగ్నెట్రాన్ అనే గొట్టం. దానిలో యుద్ధగతిని మార్చిన రకాన్ని 1940లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రాండల్, బూట్ అనే ఇద్దరు తయారుచేశారు. దాన్ని రోజుకు రెండు వేల ఆరు వందల దాకా తయారుచేసే ఉపాయం కనిపెట్టి రేథియాన్‌ను నిలబెట్టింది స్పెన్సరే. అలా పని చేసే మాగ్నెట్రాన్ పక్కన నిలబడ్డప్పుడు జేబులోని మిఠాయి కరిగిపోయింది. అంతకుముందు కూడా కొందరికి ఇలాంటిది అనుభవమే. వాళ్ళు జేబు దులుపుకుని పోయారు. ఇతను మొక్కజొన్న గింజలు తెప్పించి పేలాలు చేశాడు, గుడ్డు పెట్టి పేల్చాడు. 1945 అక్టోబరు 8న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1950 జనవరిలో చేతికొచ్చింది. 1947లో కంపెనీ అమ్మకానికి పెట్టిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు, మూడు వందల నలభై కిలోల బరువు. చల్లబరచడానికి నీళ్ళ గొట్టం కూడా కలపాల్సి వచ్చేది. వంటింటి గట్టుమీద పట్టే ఓవెన్ 1967లో అమానా కంపెనీ పేరున 495 డాలర్లకు వచ్చింది.

"అయితే కోట్లు గడించుంటాడు."

"కంపెనీ ఉద్యోగి కదా పెదనాన్నా. పేటెంటుకు రెండు డాలర్లు ఇచ్చారంటారు."

"రెండు డాలర్లా?" నిజంగానే బాధపడ్డాడు. "అర్జీ పెట్టుకోలేదూ?"

చిక్కుముడి విప్పింది మాత్రం నా ఫిజిక్సు కాదు, మా పెద్దమ్మ. ఆవిడ ఇంట్లో ఉన్నదీ లేనిదీ తెలియనంత నెమ్మది మనిషి. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ, "తెల్లారుజామున నాలుగింటికి పిల్లాడు లేస్తే అందులోనే పెట్టానురా. పొంగి పళ్ళెం నిండా పోయింది" అంది.

తెల్లారుజామున కాగుతాయి, రాత్రి ఏడింటికి కాగవు. అప్పుడు వెలిగింది నాకు. మల్టీమీటరు తెచ్చి సాయంత్రం ప్లగ్గులో పెట్టాను. ఉండాల్సింది 230 వోల్టులు. ఆరు శాతం అటూ ఇటూ అయినా రూలు ఒప్పుకుంటుంది. అంటే 216 కన్నా దిగకూడదు. మీటరు 172 చూపించింది. అదీ ఓవెన్ వెయ్యకముందు.

తక్కువ వోల్టేజీలో బల్బు మసగ్గానైనా వెలుగుతుంది, ఫ్యాను నెమ్మదిగానైనా తిరుగుతుంది. మామూలు హీటరుకు వోల్టేజీ నాలుగో వంతు తగ్గితే వేడి సుమారు సగానికి పడుతుంది. మాగ్నెట్రాన్ ఆ మర్యాద కూడా పాటించదు. ఓవెన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 230ని రెండు వేలకు లేపితే, కెపాసిటరూ డయోడూ కలిసి దాన్ని దాదాపు నాలుగు వేల వోల్టులు చేస్తాయి. ఆ మెట్టెక్కితేనే మాగ్నెట్రాన్‌లో సెకనుకు 245 కోట్లసార్లు ఊగే తరంగం పుడుతుంది. పాలలోని నీటిని కుదిపి వేడెక్కించేది అదే. మెట్టు అందకపోతే తరంగమే లేదు. బోరు మోటారు గుయ్యిమంటూనే ఉంటుంది, పైపులోకి నీళ్ళెక్కవు, ఇదీ అంతే. పళ్ళెం తిప్పే బుల్లి మోటారుకూ, అంకెలు చూపే బోర్డుకూ ఈ కష్టం లేదు. అందుకే అవి ఏమీ ఎరగనట్టు తమ పని తాము చేసుకుపోయాయి. ఇన్వర్టరు రకం ఓవెన్ అయితే ఇంకాస్త ఓర్చుకునేదేమో. మాకు దొరికింది పాత పద్ధతిది.

పెదనాన్న పెద్ద స్టెబిలైజరు తెప్పించాడు. అది వేస్తే పాలు కాగాయి, ఎదురింట్లో టీవీ ఆరిపోయింది. వోల్టేజీ ఎక్కడి నుంచో ఊడిపడదు. తక్కువ వోల్టేజీ దగ్గర అదే వాట్లు కావాలంటే తీగలోంచి ఎక్కువ కరెంటు లాగాలి. ఆ మేరకు పక్కవాళ్ళది ఇంకా పడుతుంది. మర్నాడు ఎదురింటి మాస్టారు కూడా స్టెబిలైజరు కొన్నాడు. ఆ రాత్రి ఎనిమిదింటికి వోల్టేజీ ఇంకా దిగిపోయి, రెండూ టిక్కుమని కటాఫ్ అయ్యాయి.

పెదనాన్నకు కావాల్సిన అస్త్రం దొరికింది. ఇన్నాళ్ళూ "మాకు గాలి ఆడుట లేదు" అని రాసేవాడు. ఈసారి "పసిబిడ్డకు పాలు కాగుట లేదు" అని రాశాడు. నేను కొలిచిన అంకెలన్నీ గంటల వారీగా పట్టీ వేయించి జతచేశాడు. నరసరావుపేటలో ఆ సోమవారం అర్జీ ఇచ్చి వచ్చిన వారంలోనే కరెంటాఫీసు నుంచి ఏఈ వచ్చింది. చిన్న వయసమ్మాయి. వెంట లైన్‌మన్, అతని చేతిలో టాంగ్ టెస్టరు. రమ్మని చెప్పకపోయినా ఏడింటికల్లా వీధంతా పోగైంది. అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళంతా ఉన్నారు.

ఆ అమ్మాయి పని చేసిన తీరు నాకు నచ్చింది. ముందు వీధి మొదట్లో, మెయిన్ రోడ్డు పక్కనున్న ట్రాన్స్‌ఫారం దగ్గర కొలిచింది. 229. అక్కణ్ణుంచి స్తంభం స్తంభానికీ ఆగుతూ వచ్చింది. 214. 197. పెదనాన్న గేటు దగ్గర 171. పొలాల వైపు చిట్టచివరి ఇంట్లో 156. ఆ ఇంటి ముసలావిడ, "నా బల్బుకు పచ్చకామెర్లమ్మా" అంది. అందరూ నవ్వారు.

"ఫాల్టేం లేదండీ" అంది ఏఈ. "తీగ పొడవు ఎక్కువ, లోడు ఎక్కువ. మొదటి ఇంటి ఏసీ నుంచి ఒక్కొక్కరూ లాక్కుంటూ వస్తే చివరికి మిగిలేది ఇదే. ట్రాన్స్‌ఫారం ఎప్పుడైనా లోడుకు నడిమధ్యన ఉండాలి. అప్పుడు అటు సగం, ఇటు సగం. దీన్ని తీసుకెళ్ళి ఒక కొసన పెట్టారు. ఎవరి ఆలోచనో గానీ."

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "చూశారా! ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటున్నది అదేనమ్మా. బుర్ర ఉన్నవాడెవడైనా ట్రాన్స్‌ఫారం అక్కడ పెట్టిస్తాడా? ఆ రోజుల్లో ఎవడి స్వార్థమో అయ్యుంటుంది. ఒక్కడి సుఖం కోసం వీధి వీధంతా అల్లాడుతోంది." వీధి మొత్తం తలూపింది. చివరింటి ముసలావిడయితే ఆ ఎవడో వాణ్ణి నాలుగు మాటలు తిట్టింది కూడా. అవి అచ్చుకెక్కవు.

ఏఈ నవ్వి చేతిలోని కాగితం తీసింది. "మీ అర్జీ మీద కదిలిందండీ. ఈ వీధికి ఇంకో ట్రాన్స్‌ఫారం శాంక్షనయింది. ఎస్టిమేటు కూడా వేశాను. మెటీరియల్ స్టోర్సులో సిద్ధంగా ఉంది."

చప్పట్లు. ఎదురింటి మాస్టారు పెదనాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. ఎవరో కుర్రాడు ఫోటో తీశాడు. పెదనాన్న కండువా సర్దుకున్నాడు. నాకూ ఆ క్షణాన గర్వంగానే అనిపించింది. మనిషి ఎంత చాదస్తుడైనా పట్టు వదల్లేదు కదా.

ఏఈ వీధి పొడవునా ఒకసారి చూసి, పెదనాన్న ప్రహరీ గోడ ఈశాన్యం కొస పక్కన, రోడ్డు వారగా ఉన్న స్తంభం దగ్గరికి నడిచింది. బూటు కొసతో నేలమీద గీత గీసింది. "ఇదిగో, సరిగ్గా నడిమధ్య ఇదే. దిమ్మె ఇక్కడ పోస్తాం. చివరింటికి కూడా 220కి తగ్గదు."

అప్పుడే పెద్దమ్మ మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో గేటు దాటి వచ్చింది. ముందు ఏఈకి ఇచ్చి, నేలమీది గీతవంక చూసింది.

"ఇక్కడేనా తల్లీ? అప్పట్లో మీ పెద్దాయన కూడా ఇక్కడే సున్నంతో గీశాడు. కరెంటు బోర్డు తీసేసి కంపెనీలు చేస్తున్నారని అందరూ చెప్పుకునేవాళ్ళే, ఆ ఏడాది."

అంటే 1999. ఫిబ్రవరిలో రాష్ట్ర విద్యుత్ బోర్డు రెండు ముక్కలైన ఏడు.

"మరి ఇక్కడెందుకు పెట్టలేదమ్మా?" అంది ఏఈ.

"ఈశాన్యంలో అగ్ని ఉంటే మగపిల్లాడు ఇంట్లో నిలవడని సిద్ధాంతి చెప్పాడుగా. ఈయన గుంటూరు దాకా నాలుగుసార్లు తిరిగి, అర్జీ పెట్టి, ఆ కొసకు మార్పించుకొచ్చారు" అంటూ మిగతా గ్లాసులు వరసగా అందించింది. "అర్జీ అంటే ఈయనేగా రాయాలి."

ఎవరూ మాట్లాడలేదు. ఎదురింటి మాస్టారు చేతిలోని మజ్జిగను పరీక్షగా చూస్తున్నాడు. చివరింటి ముసలావిడ ఇందాక తిట్టిన తిట్లు వెనక్కి తీసుకోవాలా, మరోసారి తిట్టాలా తేల్చుకోలేనట్టు నోరు తెరిచి ఊరుకుంది. పెదనాన్న ఆ సంగతి మరిచిపోయాడో, మరిచిపోవడం అలవాటు చేసుకున్నాడో నాకీనాటికీ అర్థం కాదు. వదిన మాత్రం గుమ్మంలో పిల్లవాణ్ణి ఎత్తుకుని, డాలస్‌లో ఉన్న మగపిల్లాడికి వీడియో కాల్‌లో ఇదంతా చూపిస్తోంది.

ఏఈకి పని తొందర. ఇంకో రెండు ఊళ్ళు తిరగాలి. కాగితం గోడమీద పరిచి, పెన్ను మూత తీసి చేతికిచ్చింది.

"పాత సంగతులు ఎందుకులెండి. మీకు అభ్యంతరం లేదని ఇక్కడొక సంతకం పెట్టండి. రేపే దిమ్మె పోయించేస్తాను. రాత్రికి రాత్రి వీధి మొత్తానికి కరెంటు బాగుపడుతుంది."

పెదనాన్న పెన్ను పట్టుకున్నాడు. వీధి వంక చూశాడు. నేలమీది గీత వంక చూశాడు. గోడ అవతల తన నీళ్ళ తొట్టి వంక చూశాడు. మెల్లిగా మూత బిగించి పెన్ను తిరిగిచ్చాడు.

"ఇప్పుడు మూఢం నడుస్తోందమ్మా. వెళ్ళాక చూద్దాం."